వంతెన మీద పాలు

లింజ్ నుంచి ఊర్‌ఫార్‌కి
నడిస్తే నాలుగు నిమిషాలు.
నలభై ఏడు జులైలో
ఒక్కోసారి పూటంతా పట్టేది.

ఇటు కొసన అమెరికావాళ్ళు
కాలరెత్తి మెడలోకి పేలమందు పొడి కొట్టేవాళ్ళు.
అటు కొసన రష్యావాళ్ళు
నాలుగు భాషల గుర్తింపు కార్డు మీద
పదకొండు ముద్రలూ వేలు పెట్టి లెక్కపెట్టేవాళ్ళు.
పదే ఉంటే వెనక్కి.
కింద డాన్యూబ్ మాత్రం
ఎవరికీ ఏమీ చూపించకుండా పోయేది.

నేను ఇద్దరికీ నోరు.
రష్యన్, మా నాన్న ఓమ్స్క్ చెరలో నేర్చి
రొట్టెముక్కలా జేబులో దాచి తెచ్చింది.
ఇంగ్లీషు, లీడ్స్‌లో ఎవరి పిల్లల్నో ఆడిస్తూ
నేను ఏరుకున్నది.
ఈ రెండూ కలిసి ఒకనాడు
మా పొయ్యిలోకి బొగ్గు తెస్తాయని ఎవరనుకున్నారు?

ఆ పొద్దున వంతెన నడుమ, తెల్లగీత మీద
ఒక బల్ల, మూడు కుర్చీలు.
బల్లకి రెండు కాళ్ళు ఇటు, రెండు అటు.
నా కుర్చీకీ అంతే.
కెప్టెన్ టాలివర్, అయోవాలో పాడి ఉన్న ఇంటివాడు.
మేజర్ స్తెపచ్యోవ్‌ది వొలోగ్డా, వెన్నకి పేరుపడ్డ సీమ.
ఇవి నాకు తర్వాత తెలిశాయి.
ఆ పూట వాళ్ళు రెండు టోపీలు, అంతే.

బల్లకి అవతల రెసీ హోల్ట్సింగర్ బండి,
పదహారు క్యాన్ల పాలు.
అటు ఆవులున్నాయి. ఇటు పిల్లలున్నారు.
తగువు పాల గురించి కాదు.
అవి "అనుమతి" మీద దాటాలా
"ఏర్పాటు" కింద దాటాలా అని.
అనుమతి అంటే ఇచ్చేవాడు పెద్ద.
ఏర్పాటంటే ఎవరూ పెద్ద కాదు.
వాషింగ్టన్ ఒక మాట పంపింది, మాస్కో ఒక మాట.
రెండూ పట్టే గిన్నె నా దగ్గర లేదు.

"ఆపే హక్కు మీకెవడిచ్చాడు?" అన్నాడు కెప్టెన్.
"ఆలస్యమెందుకో తెలుసుకోవాలంటున్నారు" అన్నాను.
"యుద్ధమంతా కాలినడకన వచ్చినవాణ్ణి అడుగుతున్నాడా?" అన్నాడు మేజర్.
"దారి కష్టమైనదంటున్నారు" అన్నాను.
అబద్ధాలు కావు.
నీళ్ళు కలిపాను.
పాలమ్మేవాళ్ళందరికీ తెలిసిన విద్యే.

పది. పదకొండు.
ఎండ వచ్చి క్యాన్ల మూతల మీద కూర్చుంది.
రెసీ తాడుకి బకెట్ కట్టి
నదిని తోడి వాటి మీద గుమ్మరించింది.
ఏ వైపు నుంచి తోడావని
ఒక కుర్ర సైనికుడు అడిగాడు.
వేళాకోళం కాదు, రాసుకోవాలట.

ఆబోతులు కుమ్ముకుంటే
లేగల కాళ్ళు విరుగుతాయంటారు.
ఇక్కడ ఆబోతులు కుర్చీల్లోంచి లేవనైనా లేదు,
పాలు విరిగాయి.

ముందు పసిగట్టింది మేజర్,
ముక్కుపుటం కదిలింది.
అదే క్షణాన కెప్టెన్ కలం ఆగింది.
ఇద్దరూ ఒకేసారి తలతిప్పి
చివరి వరసలో మూడో క్యాను వైపు చూశారు.
ఆ చూపుకి దుబాసీ అక్కర్లేదు.
చీకటితో లేచి పితికిన చేతుల చూపు అది.
ఎవరో ఒకరు ఏదో అంటారనుకున్నాను.
నాలుక తడుపుకుని సిద్ధంగా ఉన్నాను.

ఇద్దరూ మళ్ళీ కాగితాల్లోకి దిగిపోయారు.

రెసీ అరవలేదు.
గుర్రం పగ్గం పట్టి బండి వెనక్కి తిప్పుతూ
మా యాసలో ఒక్క మాట అంది.
"ఆవిడేమంది?"
రెండు భాషలూ ఒక్క గొంతుతో అడిగాయి.
ఆ పూటంతటిలో వాళ్ళు కలిసి అన్నది అదొక్కటే.
"ఎండ మండిపోతోందంటోంది" అన్నాను.

సెప్టెంబర్లో సంతకాలయ్యాయి.
అనుమతీ కాదు, ఏర్పాటూ కాదు,
"సౌకర్యం" అని నేనే వెతికిచ్చాను.
ఒకాయన కాఫీ పొట్లం ఇచ్చాడు,
ఒకాయన చేపల డబ్బా.
రెండూ తిన్నాం, తాగాం, ఆ రోజుల్లో కాదనేదెవరు?

జులై నాటి ఆ రాత్రి మాత్రం
మా వీధి పిల్లలకి
సముద్రం దాటొచ్చిన పొడి కలిపి పోశారు.
విరగని పాలు.
మా చెల్లెలి కొడుకు ఒక గుక్క తాగి
ఇది ఏ జంతువుది అని అడిగాడు.

రెసీ అన్న మాట
ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.
తర్జుమా కాక కాదు.